వాసన లేదు

కాలేజీలో పిల్లలు ఆమెకి పెట్టుకున్న పేరు సాల్టు మేడమ్. ఇరవై రెండేళ్ళుగా కెమిస్ట్రీ ల్యాబులో సాల్ట్ అనాలిసిస్ నేర్పుతున్నది ఆమే. చిటికెడు తెల్లపొడి చేతికిచ్చి అందులో ఏముందో కనిపెట్టమనడం ఆ పరీక్ష. మంటలో పెట్టి రంగు చూడాలి, యాసిడ్ పోసి పొంగు చూడాలి, వాసన చూడాలి. ఈ చివరిదాంట్లో సాల్టు మేడమ్‌ని మించినవాళ్ళు లేరని పక్క కాలేజీల్లో కూడా చెప్పుకునేవారు. గుమ్మంలో ఇంకా చెప్పులు విడవకుండానే, "మూడో బల్ల దగ్గర ఎవరమ్మా, అమ్మోనియా సీసాకి మూత పెట్టనిది?" అని అడిగేది. రసాయన సంఘం ఏటా పెట్టే పోటీలకి ఆమే న్యాయనిర్ణేత. "మేడమ్‌గారు ముక్కుతో చదివి ఫస్టు క్లాసు కొట్టారు" అని సంఘం బులెటిన్ సంపాదకుడు పదిమందిలో అంటే పైకి విసుక్కునేది గానీ, ఆ మాటని ఇంటికెళ్ళేదాకా తలుచుకుని మురిసిపోయేది.

ఆ ముక్కు పోయింది.

పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. వానలు పట్టిన రోజుల్లో నాలుగు రోజులు జ్వరం వచ్చింది, పోయింది. ఐదో రోజు పొద్దున కాఫీ కలుపుకుని తాగితే ఉత్త వేడినీళ్ళు తాగినట్టుంది. పొడి చాల్లేదనుకుని ఇంకో చెంచా వేసింది. నాలిక్కి చేదు తగిలింది గానీ కాఫీ తగల్లేదు. పొడి డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకుంది. తర్వాత సబ్బు. తర్వాత వెనిగర్ సీసా. ఫినాయిలు. విడిచిన బట్టలు. ఒక్కొక్కటీ వంటింటి గట్టు మీద వరసగా పేర్చి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఏ సీసాలోనూ ఏమీ లేదు.

"నరం దెబ్బతిన్నదమ్మా" అన్నాడు డాక్టరు. "రావచ్చు, రాకపోవచ్చు. ఆర్నెల్లు చూద్దాం."

ఆర్నెల్లు పోయి మరో రెండు నెలలు కూడా గడిచాయి. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పడానికి ఎవరున్నారు? రెండో అంతస్తులో రెండు గదులు, ఒక బాల్కనీ, తానొక్కతే. ఆదివారం ఆదివారం అక్క ఫోన్ చేస్తుంది. పెళ్ళి ఊసెత్తడం అక్క మానేసి పదేళ్ళు దాటింది. ఇప్పుడు మిగిలిన ప్రశ్న ఒకటే.

"ఏం తిన్నావే?"

"ఏదో తిన్నాలే అక్కా."

"ఏదో అంటే? పేరు లేదా దానికి? నాలుగు రోజులు వచ్చి ఉండి పోరాదూ. నీ దెబ్బకి మీ బావ సెంటు కొట్టుకోవడం కూడా మానేశారు. పోయినసారి నువ్వు గుమ్మంలోనే ముక్కు మూసుకున్నావుగా, ఆ అవమానం ఇంకా మర్చిపోలేదు పాపం."

"కొట్టుకోమను అక్కా. ఫర్వాలేదు."

"ఏంటీ? ఇది నువ్వేనా మాట్లాడేది?"

అప్పుడైనా చెప్పేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది. కానీ అక్క ఏడుస్తుంది, ఆ తర్వాత తాను ఓదార్చాలి. "సరే, ఉంటానక్కా, పాలు పొయ్యి మీదున్నాయి" అని ఫోన్ పెట్టేసింది. నిజంగానే ఉన్నాయి. ఆమె మాట్లాడుతున్నంతసేపూ పొంగి, ఇంకి, మాడి, గిన్నె బొగ్గయింది. కింది ఇంటావిడ మెట్లెక్కి వచ్చి తలుపు బాదేదాకా ఆమెకి తెలియలేదు.

వాసన పోతే తిండి ఒక్కటే పోతుందనుకుంటారు. పోయేవి చాలా ఉన్నాయి. తన ఒంటి వాసన తనకి తెలియదు గదా, అందుకని రోజూ రెండు పూటలా స్నానం చేసి, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది. స్టాఫ్ రూములో ఎప్పుడూ నలుగురి మధ్యన ఉండే కుర్చీని కిటికీ పక్కకి జరుపుకుంది. ఎవరైనా దగ్గరికొచ్చి మొహం కొంచెం చిట్లిస్తే, అది ఎండకో తలనొప్పికో కావచ్చు, ఆమె మాత్రం ఒక అడుగు వెనక్కి వేసేది. వాన పడి వెలిసిన సాయంత్రాలు బాల్కనీలో నిలబడితే ఎదురుగా అన్నీ కనబడేవి, వినబడేవి, అయినా అదంతా గాజు పలక వెనక జరుగుతున్నట్టుండేది.

ల్యాబులో మాత్రం గట్టెక్కే ఉపాయం కనిపెట్టింది. ఏ నంబరు సీసాలో ఏ సాల్టుందో అటెండరు రాసిన జాబితా ఆమె బల్ల సొరుగులో ఉంటుంది. పిల్ల టెస్ట్ ట్యూబు తెచ్చి చూపిస్తే, పద్ధతిగా చేత్తో గాలిని ముక్కు వైపు తోసుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ, కుళ్ళిన కోడిగుడ్డు. సల్ఫైడ్. వెళ్ళు" అనేది. జాబితా లేని చోట పిల్లల మొహాలు చూసేది. అమ్మోనియాకి కళ్ళు చెమరుస్తాయి. సల్ఫైడ్‌కి పెదవి వంకర పోతుంది. వెనిగర్‌కి గొంతులో గుటక కదులుతుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ పిల్లల మొహాల్లోకి అంత పరీక్షగా చూడలేదు. ఆ చూపుకి వాళ్ళు ఇబ్బంది పడి తల దించుకునేవారు.

ఎండలు ముదిరే రోజుల్లో అటెండరు కాలు విరగ్గొట్టుకుని సెలవు పెట్టాడు. అతని బదులు ఆఫీసు నుంచి పంపిన మనిషికి ల్యాబు కొత్త. అతను వచ్చిన వారంలోనే కాలేజీ ఇంటర్నల్ పరీక్ష జరిగింది, అయిపోయింది, ఆమె మార్కులు కూడా వేసేసింది.

పరీక్ష అయిన నాలుగో రోజు, క్లాసు ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మర్నాటికి ఒక ద్రావణం కాచి పెట్టుకుందామని ఆమె ఒక్కతే ల్యాబులోకి వచ్చింది. బీకరు స్టాండు మీద పెట్టింది. బర్నర్ దగ్గరికి లైటరు తీసుకెళ్ళింది.

"మేడమ్! వెలిగించకండి!"

గుమ్మంలో ఒకమ్మాయి. వెనక బెంచీలో కూర్చునే పిల్ల, పొడుగ్గా సన్నగా ఉంటుంది, క్లాసులో నోరు విప్పదు. రికార్డు పుస్తకం కింద పడేసి, పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"గ్యాస్ మేడమ్! గదంతా గ్యాసే!"

 ఏ మూలో ఒక గ్యాస్ కుళాయి తెరిచి వదిలేసి వెళ్ళారన్నమాట. పిల్ల కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ వైపు చెయ్యి చాపింది.

"ముట్టుకోకు! స్విచ్ ముట్టుకోకు! నిప్పురవ్వ చాలు. కిటికీలు తియ్యి, అన్నీ తియ్యి!"

ఆమె బయట గోడకున్న మెయిన్ వాల్వు కట్టేసి వచ్చింది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఇద్దరూ వరండాలోకి వచ్చి నిలబడ్డారు. పిల్ల దగ్గుతోంది. ఆమె గోడకి ఆనుకుంది.

"మీకు వాసన రాలేదా మేడమ్?"

"జలుబమ్మా."

 పిల్ల పడేసిన రికార్డు తీసుకుని దుమ్ము దులిపింది. వెళ్ళిపోతుందనుకుంటే వెళ్ళలేదు. పుస్తకంలోంచి పరీక్ష కాగితం బయటికి తీసింది.

"నేను దీని గురించి అడుగుదామని వచ్చాను మేడమ్. మొన్నటి పరీక్షలో యాసిడ్ పోసి వేడిచేసినప్పుడు ఏ వాసనా రాలేదు. అదే రాశాను. మీరు కొట్టేసి పక్కన వెనిగర్ వాసన అని రాశారు."

ఆమె కాగితం తీసుకుంది. 'పరిశీలన: వాసన లేదు' అని గుండ్రటి అక్షరాలు. వాటి మీద ఎర్ర గీత, తన చేత్తో గీసిందే. కింద ఆ పిల్ల సల్ఫేట్ అని రాస్తే అదీ కొట్టేసి, అసిటేట్ అని రాసి, ఇరవైకి ఆరు మార్కులు వేసింది.

"టెస్ట్ ట్యూబు తెచ్చి మీకే చూపించాను కదా మేడమ్. మీరు కళ్ళు మూసుకుని వెనిగర్ అన్నారు. నాకే తెలీడం లేదేమో అనుకుని ఇంటికెళ్ళి వెనిగర్ సీసా మూత తీసి చూసుకున్నాను. నాకు బాగానే తెలిసింది."

లోపలికెళ్ళి సొరుగులో జాబితా తీసి చూడక్కర్లేదు. అయినా చూసింది. కొత్త మనిషి పద్నాలుగో నంబరు, పదిహేనో నంబరు సీసాల్ని ఒకదాని చోట ఇంకోటి రాశాడు. తప్పు అతనిది కాదు. జాబితా కళ్ళతో చూసి వాసన నోటితో చెప్పింది తాను. ఇన్నేళ్ళుగా ప్రతి బ్యాచికీ మొదటి రోజు బోర్డు మీద రాసేది ఒకే మాట, కనబడింది రాయండి, కనబడనిది రాయకండి అని. ఆ మాట నమ్మిన పిల్ల కాగితం మీద ఎర్ర గీత గీసింది.

"నువ్వు రాసిందే కరెక్టమ్మా" అంది.  "నాకు వాసన తెలీదు. ఎనిమిది నెలలైంది."

ఈ మాట ఆమె మొదటిసారి పైకి అన్నది ఆ పిల్లతోనే.  "సారీ మేడమ్" అని, పిల్ల తన తప్పేదో ఉన్నట్టు తలదించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన టేబుల్ మీది పేపర్‌వెయిట్ అటు తిప్పి ఇటు తిప్పాడు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసండీ?"

"ఆ అమ్మాయికి."

"అయితే అక్కడితో ఆపండి. పరీక్షలో పొరపాటంటే యూనివర్సిటీ వాళ్ళు, తల్లిదండ్రులు, అందరూ వచ్చి మీద పడతారు. జలుబని చెప్పండి. మార్కులు సర్దేద్దాం."

"క్లాసులో చెప్పి మారుస్తాను సార్. ఎనిమిది నెలల మార్కులు నావి. ఎవరికి అనుమానమున్నా మళ్ళీ చేయించి చూస్తాను."

"మీ ఇష్టం. కానీ ల్యాబు మాత్రం ఇక మీ చేతికివ్వలేను. నన్ను తప్పుగా అనుకోకండి."

తప్పుగా అనుకోవడానికేముంది? ఆయన స్థానంలో ఉంటే తానూ అదే చేసేది. క్లాసుకెళ్ళి, "ఈ అమ్మాయి రాసింది కరెక్టు, నేను దిద్దింది తప్పు. నాకు వాసన తెలీదు, తెలిసినట్టు నటించాను" అని చెప్పింది. వెనక నుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు, ఎవరూ తోడు నవ్వకపోయేసరికి ఆపేశాడు. పదకొండుమంది మళ్ళీ పరీక్ష చేశారు. ఇద్దరికి మార్కులు పెరిగాయి. ఒకడికి తగ్గాయి, వాడు నెలరోజులు ఆమెకి నమస్కారం పెట్టలేదు.

ల్యాబుకి ఒక పార్ట్‌టైం లెక్చరర్ వచ్చింది. సాల్టు మేడమ్‌కి పాఠం చెప్పే క్లాసులే మిగిలాయి. మధ్యాహ్నాలు ల్యాబు ముందునుంచి నడుస్తూ, లోపల గాజుసామాను కడిగే చప్పుడు విని, ఆగకుండా వెళ్ళిపోయేది. ఒకరోజు ఆ పొడుగాటి పిల్ల మెట్ల దగ్గర ఎదురుపడింది.

"నేనెవరికీ చెప్పలేదు మేడమ్. అందరూ నావల్లే మీకు ల్యాబు పోయిందంటున్నారు."

"నీవల్ల నా ప్రాణం మిగిలిందమ్మా. చెప్పింది నేను. అలా అన్నవాళ్ళని నా దగ్గరికి పంపు."

పిల్ల తలూపింది. ఆ తర్వాత ఎదురుపడినప్పుడల్లా పలకరించేది గానీ, ఇద్దరిలో ఎవరికీ రెండో మాట దొరికేది కాదు.

ఆ నెలలోనే ఆమె రసాయన సంఘం బులెటిన్‌కి రెండు పేజీలు రాసి పంపింది. బులెటిన్ అంటే ఎనిమిది పేజీలు. ముందు పేజీలో కొత్త పరిశోధనల కబుర్లు, మధ్యలో విద్యార్థులకి లెక్కలు, చివర ఉద్యోగ ప్రకటనలు. టీచర్లు, మందుల కంపెనీల వాళ్ళు, రంగుల ఫ్యాక్టరీల వాళ్ళు, చదువుకునే పిల్లలు, అంతా కలిసి ఆరొందలమంది తెప్పించుకుంటారు. సంపాదకుడు వెంటనే ఫోన్ చేశాడు.

"మేడమ్‌గారూ, నేనెన్నిసార్లు మీ ముక్కు మీద జోకులేశానండీ! తలుచుకుంటే సిగ్గేస్తోంది."

"మీకేం తెలుసు సార్. బాగానే ఉండేవి జోకులు."

"ఇది మీ పేరుతోనే వెయ్యమంటారా? పేరు లేకుండా కూడా వెయ్యొచ్చు."

"పేరుతోనే వెయ్యండి. పనిచేసే తీరు కూడా అందులో రాశాను. వాసన చూడక్కర్లేకుండా కాగితాలతో ఎలా పట్టుకోవచ్చో. సల్ఫైడ్‌కి లెడ్ అసిటేట్ కాగితం నల్లబడుతుంది, అమ్మోనియాకి ఎర్ర లిట్మస్ నీలమవుతుంది. అది మాత్రం తీసెయ్యకండి."

అచ్చయింది. మొదటి వారం స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురు దాన్ని తెరిచి చదవడం ఆమె కిటికీ పక్క కుర్చీలోంచి చూసింది.  ఒకావిడ వెళ్తూ వెళ్తూ భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. అక్కకి పంపితే ఫోన్ చేసి ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది. "ఎనిమిది నెలలు నాకు చెప్పకుండా ఎలా ఉన్నావే? నేనేమైనా పరాయిదాన్నా?" అంది. అక్కని ఓదార్చడానికి ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత మూడు వారాలు ఎవరి దగ్గరినుంచీ ఉత్తరం లేదు, ఫోన్ లేదు. రాయకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మగ గొంతు. పేరు చెప్పలేదు.

"బులెటిన్‌లో రాసింది మీరేనాండీ? మా అమ్మాయి కాలేజీ నుంచి తెచ్చింది, కింద మీ నంబరుంది. నేను వాటర్ వర్క్స్‌లో ఆపరేటర్నండీ. క్లోరిన్ సిలిండర్లు చూసుకుంటాను."

ఆమె లేచి నిలబడింది.

"నాకూ తెలీదండీ వాసన. నాలుగేళ్ళయింది. బండి మీంచి పడ్డప్పుడు తలకి దెబ్బ తగిలింది, అప్పట్నుంచి."

"క్లోరిన్ గదిలో పనిచేస్తూనా? లీకైతే ఎలా తెలుస్తుంది మీకు?"

"అమ్మోనియా సీసా ఒకటి జేబులో పెట్టుకుంటానండీ. గుడ్డ ముంచి సిలిండర్ చుట్టూ తిప్పుతాను. లీకుంటే తెల్లటి పొగ లేస్తుంది. గంటకోసారి తిప్పుతాను. అంత శ్రద్ధగా ఎవరూ చూడరని మా సూపర్‌వైజర్ నన్ను మెచ్చుకుంటాడు కూడా." అవతల చిన్న నవ్వు వినబడి ఆగిపోయింది. "మా ఆవిడకి కూడా చెప్పలేదండీ. వంట బాగుందంటాను రోజూ."

ఆమె "నేను కూడా అలాగే..." అని ఆగింది. తర్వాత ఇరవై రెండేళ్ళ టీచరుగా చెప్పాల్సింది చెప్పింది. "గంటకోసారి అంటే మధ్యలో యాభై తొమ్మిది నిమిషాలున్నాయండీ. మీరు చెప్పాలి. మీ సూపర్‌వైజర్‌కి చెప్పాలి."

"చెబితే ఉద్యోగం?"

"పోవచ్చు. నాకు ల్యాబు పోయింది. కానీ నేను ఆ రోజు లైటరు నొక్కి ఉంటే, గుమ్మంలో ఆ పిల్ల ఉంది."

 అవతల ఎక్కడో మోటారు తిరుగుతున్న చప్పుడు. "సరేనండీ" అని పెట్టేశాడు. రెండు రోజులాగి ఆమె ఆ నంబరుకి చేసింది. ఎత్తలేదు. వారం తర్వాత చేసింది. ఎత్తలేదు. మరీ కటువుగా మాట్లాడానేమోనని ప్రతిరోజూ మథనపడింది. పేపర్లో ఎక్కడ గ్యాస్ లీకు వార్త కనబడినా ఆసాంతం చదివేది. అతని ఊరు తెలియదు, పేరు తెలియదు. ప్రపంచంలో తన సంగతి పూర్తిగా అర్థమైన మనిషి ఒక్కడు దొరికితే, అతన్ని తానే బెదరగొట్టి పంపేసింది.

సంవత్సరాంత పరీక్షలు ఇరవై రోజులున్నాయనగా పార్ట్‌టైం లెక్చరర్ వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ ఆమెని పిలిపించాడు.

"వేరే దారి లేదండీ. మీకేం కావాలో చెప్పండి."

"గోడకి గ్యాస్ అలారం. ప్రతి బ్యాచికీ వాసన చూడ్డానికి ఒక స్టూడెంటు, రోజుకొకరు. వాళ్ళు చెప్పిందే రికార్డులోకెక్కుతుంది. నేను చెప్పింది కాదు."

అలారం వచ్చింది. కుంటుకుంటూ అటెండరూ వచ్చాడు. "నేను లేకపోతే సీసాలు కూడా ఎవరి మాటా వినలేదటమ్మా" అన్నాడు. పిల్లలు మొదట్లో ఆ డ్యూటీకి నవ్వుకున్నారు. తర్వాత పోటీపడ్డారు. "కుళ్ళిన కోడిగుడ్డు అని పుస్తకంలో ఉంది కదాని రాయకండి. మీకెలా ఉంటే అలా చెప్పండి" అని ఆమె అంటే ఒకడు మా తాతగారి షూ అన్నాడు, ఒకమ్మాయి తడిసిన అగ్గిపుల్ల అంది. ఆమె అవన్నీ నోటుపుస్తకంలో రాసుకునేది. ఇంటికెళ్ళాక చదువుకునేది. ఒక్కొక్కటీ చదువుతున్నంతసేపు ఏదో తగులుతున్నట్టే ఉండేది, పుస్తకం మూస్తే పోయేది.

రసాయన సంఘం నెలవారీ సమావేశం ఒక లైబ్రరీ మేడ మీది గదిలో జరుగుతుంది. ముప్పై కుర్చీలు వేస్తారు, పన్నెండుమంది వస్తారు. ఎండలు తగ్గిన నెలలో ఒక ఆదివారం ఆమె వెళ్ళింది. బ్యాటరీల మీద ఎవరో మాట్లాడారు. అయ్యాక టీ, బిస్కెట్లు ఇచ్చారు. గుంపుగా నిలబడినవాళ్ళ మధ్యకి వెళ్ళకుండా తన కప్పు తీసుకుని మెట్ల దగ్గరి బెంచీ మీద కూర్చుంది. నలభై ఐదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో టీ కప్పు, ఆమె ముందు ఆగాడు.

"సాల్టు మేడమ్ మీరేనాండీ? సంపాదకుడుగారు చూపించారు. నేను... క్లోరిన్."

 ఆమె జరిగి చోటిచ్చింది.

"చెప్పానండీ" అన్నాడు కూర్చుని. "మీరు చెప్పిన పదో రోజు. అందుకే ఫోన్ ఎత్తలేదు. చెప్పకుండా మీతో మాట్లాడ్డానికి మొహం చెల్లలేదు, చెప్పాక మాట్లాడ్డానికి ఓపిక లేదు."

"ఉద్యోగం?"

"ఉంది. ఆఫీసులో మీటర్ రీడింగులు ఎక్కించే పని. కుర్చీ, ఫ్యాను, అన్నీ ఉన్నాయి. రోజంతా నాతో మాట్లాడేవాళ్ళే లేరు." టీ ఒక గుక్క తాగాడు. "మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదండీ. నాలుగేళ్ళు నా వంట అబద్ధంగా మెచ్చుకున్నావా అని. ఇప్పుడు ఉప్పు కారం దండిగా వేస్తోంది, కనీసం అదైనా తెలుస్తుందని."

ఆమె నవ్వింది. ఎన్ని నెలలైందో అలా నవ్వి.

"మీకు అన్నిటికంటే ఏ వాసన బాగా గుర్తుందండీ?" అని అడిగాడు.

ఆమె జ్ఞాపకాల్లో వెతికింది. అమ్మ, అక్క, వాన, కాఫీ, అన్నీ పేర్లుగానే తగిలాయి. "కొత్త ఫిల్టర్ పేపర్ల డబ్బా ఉంటుంది చూడండి" అంది చివరికి. "రేపరు చించగానే వచ్చేది. అదొక వాసనా అని నవ్వుతారు ఎవరైనా. అదే గుర్తుంది."

"నాకు క్లోరినేనండీ. పాడు వాసన. అయినా అదే గుర్తొస్తుంది."

కింద బస్సు హారన్ మోగింది. తన బస్సేనని అతను గబగబా లేచి, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. ఆమె చెయ్యి చాపి తీసుకుంది. "వచ్చే నెల వస్తారా?" అని అడిగింది. "డ్యూటీ లేకపోతే వస్తానండీ" అంటూనే మెట్లు దిగిపోయాడు. ఆమె రెండు కప్పులూ తీసుకుని లోపలికి వెళ్ళింది. అక్కడ కుర్చీలు మడిచేస్తున్నారు.